పాతికేళ్లుగా బండి నడుపుతున్నాను, లైసెన్స్ మాత్రం లేదు

ప్రశ్న: నా వయసు 46. గుంటూరులో మందుల హోల్‌సేల్ కొట్లో ఆర్డర్లు తెచ్చే పని. ఇరవయ్యో ఏట మా బాబాయి ఎక్స్‌ఎల్ మీద బండి నేర్చుకున్నాను. ఇప్పుడు స్ప్లెండర్ ఉంది, నా పేరు మీదే. రోజూ కొత్తపేట, అరండల్‌పేట, బ్రాడీపేట తిరుగుతాను. వారానికి రెండుసార్లు నరసరావుపేట వెళ్లొస్తాను. ఇంతవరకూ ఒక్క యాక్సిడెంట్ చేయలేదు. కానీ లైసెన్స్ లేదు. మొదట్లో బద్ధకం, తర్వాత భయం, ఇప్పుడు సిగ్గు. పోలీసులు ఎక్కడ నిలబడతారో తెలుసు కాబట్టి సందుల్లోంచి పోతుంటాను. దొరికిన రోజు చలానా కట్టేస్తాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఇంకో మూడు నెలల్లో 18 నిండుతాయి. మొన్న ‘నాన్నా, నాకు బండి నేర్పు, ముందు నీ లైసెన్స్ ఒకసారి చూపించు, ఎలా ఉంటుందో చూస్తా’ అంది. ఇంట్లో ఎక్కడో పెట్టానని అబద్ధం చెప్పాను. తెలిసిన ఏజెంటు ఒకాయన అయిదు వేలిస్తే నేను ఆఫీసు గడప తొక్కకుండానే చేయిస్తానంటున్నాడు. నేను చదివింది పదో తరగతి, ఇంగ్లీషు రాదు, కంప్యూటర్ పరీక్ష అంటే టెన్షన్. ఈ వయసులో కుర్రాళ్ల మధ్య టెస్టులో బండితో ఎనిమిది అంకె వేస్తూ కాలు కింద పెడితే పరువేం కావాలి? ఇన్నేళ్లూ ఎలా నడిపావని అడుగుతారా? ఇన్నాళ్లు లేకుండా గడిచిపోయింది కదా, అసలు ఇప్పుడు అవసరమా?
(పేరు వద్దు, గుంటూరు)

జవాబు: మీ ప్రశ్నల్లో చివరిది ముందు తీసుకుంటాను. దానికి జవాబు దొరికితే మిగతావి వాటంతట అవే తేలికవుతాయి.

బీరువాలోంచి బండి ఇన్సూరెన్స్ కాగితం బయటికి తీయండి. థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతో రాసిన చోటికి కాస్త కిందుగా ‘ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్’ అని ఇంగ్లీషులో ఒక వరస ఉందేమో చూడండి. అమ్మాయి చేత మాత్రం చదివించకండి, అక్కడికక్కడే దొరికిపోతారు. కొట్లో అకౌంట్లు రాసే కుర్రాణ్ని అడగండి. అది 15 లక్షల రూపాయల కవర్. బండి యజమాని తన బండి నడుపుతూ ప్రమాదంలో పోతే ఇంట్లోవాళ్లకు వచ్చే డబ్బు. దానికి ఒక షరతుంది: ప్రమాదం జరిగిన రోజుకి ఆ యజమాని దగ్గర చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి. అంటే ఏటా దాని కింద మీరు కట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే. కీడెంచి మేలెంచమన్నారు కాబట్టి రాస్తున్నాను, కోపగించుకోకండి: రేపు మీ ఆవిడ ఆ కాగితం పట్టుకుని వెళ్లినా ‘లైసెన్స్ కాపీ ఏదమ్మా’ అన్న దగ్గరే పని ఆగిపోతుంది.

ఇది మీ వైపు. అవతలి వైపు ఇంకా బరువు. నరసరావుపేట రోడ్డు మీద చీకటి పడే వేళ పొలం నుంచి సైకిల్ మీద వస్తున్న ముసలాయన్ని మీ హ్యాండిల్ తగిలిందనుకోండి. తప్పు ఎవరిదైనా కావచ్చు. కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లి, తప్పు మీదని తేలి, నష్టపరిహారం ఇంత అని తేలుస్తారు. నడిపినవాడికి లైసెన్స్ లేకపోయినా బాధితుడికి ముందు ఇన్సూరెన్స్ కంపెనీ చేతనే డబ్బు ఇప్పించి, తర్వాత దాన్ని బండి యజమాని నుంచి వసూలు చేసుకోనివ్వడం కోర్టుల్లో ఉన్న పద్ధతి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి స్పష్టం చేసింది. బాధితుడికి న్యాయమే జరుగుతుంది. మీకు మాత్రం ఇల్లో, పొలమో, అమ్మాయి పెళ్లికని దాచిన బంగారమో దాకా వస్తుంది. మీరు పోలీసుల చలానా గురించి భయపడుతున్నారు. లైసెన్స్ లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత జరిమానా 5,000 రూపాయలు, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. నన్నడిగితే ఈ లెక్కలో అదే అన్నిటికంటే చిన్న అంకె.

కాబట్టి అవసరమా అంటే, అవసరమే. అదీ ఈ వారంలోనే. ఎందుకు ఇంత తొందరపెడుతున్నానో చివర్లో చెబుతాను, దానికీ మీ అమ్మాయికీ సంబంధం ఉంది.

ఇక సిగ్గు సంగతి. నేను లైసెన్స్ తీసుకున్నది 41వ ఏట. అంతకుముందు ఆరేళ్లు విజయవాడలో పటమట నుంచి గవర్నర్‌పేట దాకా రోజూ స్కూటీ మీద తిరిగాను, లైసెన్స్ లేకుండానే. నీతులు చెప్పే అర్హత నాకు లేదని దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది. గేరు బండి మీద తీసుకుంటే రెండు రకాలూ నడపొచ్చని మా ఆయన అంటే ఆయన బండి మీదే టెస్టుకు వెళ్లాను. మొదటి సున్నా బాగానే తిరిగాను. రెండో సున్నాలో హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉండగా భయం వేసి ముందు బ్రేకు నొక్కాను. బండి ఒక్కసారిగా ఎడమకు వాలింది. కాలు దభీమని కింద పెట్టాను, చెప్పు ఊడి పక్కన పడింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు కాగితాల మీంచి తల కూడా పూర్తిగా ఎత్తకుండా ‘ఏడు రోజుల తర్వాత రండమ్మా’ అన్నారు. అంతే. వెనక వరసలో ఉన్న కుర్రాళ్లు నవ్వుతారేమోనని చూశాను. ఒకడు హెల్మెట్ బెల్టు ఎలా బిగించాలో తెలియక అవస్థ పడుతున్నాడు. ఇంకొకడు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు, దుర్గమ్మను తలుచుకుంటున్నాడో గేర్లు లెక్కపెట్టుకుంటున్నాడో. ఎవడి గోల వాడిది. నా చెప్పు నేనే తెచ్చుకున్నాను.

చట్టంలో కూడా ఫెయిలైనవాళ్ల గురించి రాసింది అంతే. ఒకసారి తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లూ తప్పితే ఆ తర్వాత ప్రయత్నానికి 60 రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పేంత పని మీకు ఉండదు, కానీ మొదటిసారి తప్పే అవకాశం మీకే ఎక్కువ. కొత్తగా నేర్చుకున్న కుర్రాడి కంటే కూడా. ఎందుకో ఎనిమిది దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

‘ఇన్నేళ్లూ ఎలా నడిపావు’ అని రాయాల్సిన గడి ఏ ఫారంలోనూ లేదు, మీరు నిశ్చింతగా ఉండండి. ఒక్క జాగ్రత్త: లర్నింగ్ లైసెన్స్ కోసం వెళ్లే రోజు ఆఫీసు ముందు మీ బండి మీద దిగకండి. నవ్వకండి, రోజూ చాలామంది చేసే పనే ఇది. ఆ రోజుకి ఆటోలో వెళ్లండి.

ఆఫీసు గడప తొక్కకుండా చేయిస్తానన్న ఏజెంటు గురించి మాట్లాడుకుందాం. అప్లికేషన్ నింపి, స్లాట్ బుక్ చేసినందుకు నెట్ సెంటర్ అతనికి ఎంతో కొంత ఇవ్వడం వేరు. అది మీరూ ఇవ్వండి, తప్పేం లేదు. కానీ బండి టెస్టుకు మనిషి వెళ్లాలి, బండి వెళ్లాలి. మీరు కాలు కదపకుండా కార్డు చేతికి వస్తుందన్నాడంటే రెండే సంగతులు: తీరా డబ్బు తీసుకున్నాక ‘ఒక్కసారి వచ్చి పోండి సార్’ అంటాడు, లేదా ఇచ్చే కార్డు దొంగ కార్డు అయి ఉంటుంది. ఇప్పుడు లైసెన్స్ నంబరూ పుట్టిన తేదీ కొడితే రవాణా శాఖ వారి పరివాహన్ సైట్లో మనిషి వివరాలు వచ్చేస్తాయి. దొంగ కార్డుతో దొరికితే లైసెన్స్ లేదన్న కేసుతో పోదు, దానికి ఫోర్జరీ తోడవుతుంది. ఇన్సూరెన్స్ దగ్గరా అది చెల్లదు. పాతికేళ్లు ఏమీ లేకుండా నడిపిన మనిషి అయిదు వేలు పోసి దొంగ కాగితం కొనుక్కోవడం ఎందుకు చెప్పండి?

అసలు ప్రభుత్వానికి కట్టేది ఎంతో చూడండి. కేంద్ర నిబంధనల ప్రకారం లర్నింగ్ లైసెన్స్‌కు 150, ఆ పరీక్షకు 50, తర్వాత బండి టెస్టుకు 300, లైసెన్స్ జారీకి 200. వీటి మీద సర్వీసు చార్జీలు కొంత కలుస్తాయి. ఏజెంటు అడిగిన దాంట్లో ఇది ఎన్నో వంతో హోల్‌సేల్ లెక్కలు చూసే మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్లికేషన్ పరివాహన్ వెబ్‌సైట్లో సారథి అనే లైసెన్సుల విభాగంలో పెట్టాలి. అక్కడ బండి రకం అడిగినప్పుడు ‘గేరుతో కూడిన మోటార్ సైకిల్’ ఎంచుకోండి. పొరపాటున గేరు లేనిది పెట్టారో, మీ స్ప్లెండర్‌కు ఆ లైసెన్స్ పనికిరాదు. చాలామందికి ఉన్న ఇంకో అపోహ కూడా ఇక్కడే చెబుతాను: కారు లైసెన్స్ ఉంటే బైక్ నడపొచ్చనుకుంటారు. కుదరదు, అది వేరే రకం, విడిగా చేర్పించుకోవాలి. మీ కొట్లో అలాంటివాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్ల చెవినా వేయండి.

అప్లికేషన్ నింపే ముందు ఆధార్‌నీ పదో తరగతి సర్టిఫికెట్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. మన వాళ్లకు చిక్కంతా అక్కడే. సర్టిఫికెట్లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఒకదాంట్లో ‘రావు’ ఉంటుంది, ఇంకోదాంట్లో ఎగిరిపోయి ఉంటుంది. పుట్టిన తేదీ ఇంకో కథ. మీ తరంలో, నా తరంలో చాలామందికి బడిలో చేర్పించిన రోజు పంతులుగారు వేసిన తేదీయే పుట్టినరోజు, తరగతిలో సగం మంది జూన్ నెలలో పుట్టిన వాళ్లే. ఆ తేదీ ఒక చోట, అమ్మ చెప్పిన తేదీ ఇంకో చోట ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోండి. ఇన్సూరెన్స్, ఆర్సీ, లైసెన్స్ మూడింటి మీదా ఒకే పేరు ఉంటే తర్వాత ఏ గొడవా ఉండదు.

మీకు నలభై దాటాయి కాబట్టి మెడికల్ సర్టిఫికెట్ కావాలి, ఫారం 1ఏ అంటారు. కొత్తపేటలో రోజూ డాక్టర్ల చుట్టూ తిరిగే మీకు ఇది సమస్యే కాదు. కానీ తెలిసిన డాక్టరు కదా అని చూడకుండా సంతకం పెట్టించుకోకండి. ఆరోగ్యం గురించి మనం స్వయంగా రాసిచ్చే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి పగటి వెలుతురులో పాతిక మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు చదవగలరా అని. ఇంటి దగ్గరే చూసుకోండి. ఆగి ఉన్న కారు దగ్గర మొదలుపెట్టి ముప్పై, ముప్పై అయిదు పెద్ద అంగలు వేసి వెనక్కి తిరగండి. ఒక కన్ను మూసి చదవండి, తర్వాత రెండోది. 46 ఏళ్లకు పేపరు చదవడానికి జోడు వచ్చిందని గమనిస్తాం గానీ, దూరం చూపు ఒక కంటికి తగ్గితే రెండో కన్ను కప్పిపుచ్చేస్తుంది, తెలియదు. జోడు పెట్టుకుని చదవగలిగితే చాలు. అయితే ఆ జోడు నడిపేటప్పుడూ ముక్కు మీద ఉండాలి, జేబులో కాదు.

కంప్యూటర్ పరీక్షకు టెన్షన్ పడకండి. తెలుగులో రాయొచ్చు. బొమ్మ చూపించి అదేంటో అడుగుతారు, కింద జవాబులు ఉంటాయి, సరైనది నొక్కాలి. నూటికి అరవై వస్తే పాస్. గుండ్రంగా ఎర్ర అంచుతో ఉన్నది తప్పనిసరిగా పాటించాల్సింది, ముక్కోణంలో ఉన్నది జాగ్రత్త చెప్పేది, నీలం పలక సమాచారం ఇచ్చేది. ముక్కోణం తలకిందులుగా ఉంటే అవతలి వాళ్లకు దారి ఇమ్మని. ఈ నాలుగూ పట్టుకుంటే బొమ్మల్లో సగం ఊహించి చెప్పొచ్చు.

మీలాంటి అనుభవజ్ఞులు తప్పేది బొమ్మల దగ్గర కాదు, తెలుసనుకున్న వాటి దగ్గర. పసుపు లైటు పడితే ఏం చేయాలి? శంకర్ విలాస్ సెంటర్లో మనం చేసేది గేరు మార్చి దూకించడం. సరైన జవాబు గీత దగ్గర ఆగాలని, అప్పటికే ఆగలేనంత దగ్గరికి వచ్చేస్తే తప్ప. సిగ్నల్ లేని కూడలిలో ముందు ఎవరికి దారి ఇవ్వాలి? కుడివైపు నుంచి వచ్చేవాడికి. మన ఊళ్లో పెద్ద బండికి ఇస్తాం. ఎడమకు తిరిగేటప్పుడు చేతి సిగ్నల్ ఏది? చాలామంది ఎడమ చెయ్యి చాపాలంటారు. పుస్తకం ప్రకారం కుడి చెయ్యి బయటికి చాపి గడియారం ముళ్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పాలి. ఇలాంటివి ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. ఎవరితో కూర్చోవాలో చివర్లో చెబుతాను.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే ఆ లర్నింగ్ లైసెన్స్, చేతికి వచ్చాక ఆరు నెలలు చెల్లుతుంది. వచ్చిన రోజు నుంచి 30 రోజులు గడిచాక బండి టెస్టుకు స్లాట్ తీసుకోవచ్చు. ఈ నెల రోజులు మీకు అన్నిటికంటే కష్టం, ముందే చెబుతున్నాను. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు అని కొలతలు కూడా రాశారు, స్టిక్కర్ల కొట్లో అడిగితే కత్తిరించి ఇస్తారు. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. లైసెన్స్ ఉండి, మీకు నేర్పడానికి కూర్చున్న మనిషిని తప్ప. మీ ఆవిడను బజారుకు తీసుకెళ్లడం కూడా ఈ నెలకు బంద్. ఎల్‌ఎల్‌ఆర్ అన్నది నేర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి, ఆర్డర్ల కోసం నరసరావుపేట దాకా వెళ్లిరావడానికి ఇచ్చింది కాదు. యజమానితో ఉన్నదున్నట్టు చెప్పి ఈ నెలకు కొట్లో పని అడగండి, బయటి ఊళ్లకు బస్సులో వెళ్లండి. పాతికేళ్ల నుంచి చేస్తున్న మనిషికి నెల రోజులు సర్దడానికి ఆయనకూ అభ్యంతరం ఉండదు. తన కొట్టు పని మీద లైసెన్స్ లేని మనిషి తిరుగుతున్నాడని తెలిస్తే ఆయనకే కంగారు పుడుతుంది.

ఇప్పుడు ఎనిమిది.

ఇందాక మొదటిసారి తప్పే అవకాశం మీకే ఎక్కువ అన్నాను. పాతికేళ్లలో మీ కాళ్లు ఒక అలవాటు నేర్చుకున్నాయి: బండి నెమ్మదించగానే రెండు కాళ్లూ కిందికి జారి నేల మీద ఈడ్చుకుంటూ పోతాయి. బ్రాడీపేట సందుల్లో, ఆటోల మధ్య, అది పనికొచ్చే అలవాటే. టెస్టు ట్రాక్ మీద అదే కొంప ముంచుతుంది. కాలు నేలకు తగలకూడదు, గీత దాటకూడదు, ఇంజన్ ఆగకూడదు. కొత్త కుర్రాడికి ఈ అలవాటు ఇంకా పట్టలేదు, అందుకే వాడు తేలిగ్గా బయటపడతాడు. మీరు వదిలించుకోవాలి.

ఇలా చేయండి. ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు దగ్గర్లో ఏదైనా ఖాళీ స్థలం, రోడ్డు కాకుండా, చూసుకోండి. రెండు ఇటుకలు ఏడెనిమిది అంగల దూరంలో పెట్టండి. ముగ్గుపిండితో వాటి చుట్టూ ఎనిమిది గీయండి. నేను మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో గీస్తే వాచ్‌మన్ భార్య వచ్చి ‘ఇదేం ముగ్గమ్మా, చుక్కలు లేవు’ అంది. మొదటి గేరులోనే ఉండండి, రెండో గేరు జోలికి వెళ్లొద్దు. క్లచ్ పూర్తిగా వదలకండి, సగం పట్టి ఉంచండి. యాక్సిలరేటర్ సన్నగా, ఒకే తీరున ఇవ్వండి. వేగం తగ్గించాలంటే వెనక బ్రేకు మీద కుడి పాదాన్ని ఆనించడమే. ముందు బ్రేకు లేదనుకోండి, నా చెప్పు కథ గుర్తు పెట్టుకోండి. మోకాళ్లు రెండూ ట్యాంకుకు ఆనించండి. అలా ఆనించి ఉంటే కాళ్లు కిందికి జారవు.

అన్నిటికంటే ముఖ్యం చూపు. ముందు చక్రాన్ని చూస్తూ తిరిగితే బండి ఇటుక మీదికే పోతుంది. తల తిప్పి, మీరు వెళ్లబోయే చోటును, అవతలి ఇటుకను చూడండి. బండి చూపు వెంటే వస్తుంది. ఇది చదివితే నమ్మకం కలగదు, మూడోసారి తిరిగేటప్పుడు తెలుస్తుంది. ఏడెనిమిది అంగలు తేలిగ్గా వచ్చాక ఇటుకలు ఒక్కో అంగ దగ్గరికి జరపండి. మూడు ఆదివారాలు చాలు.

టెస్టు రోజు మీ బండే తీసుకెళ్తారు కాబట్టి దాని కాగితాలూ సరిగ్గా ఉండాలి: ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. ఇండికేటర్లు, బ్రేకు లైటు పనిచేస్తున్నాయో లేదో ముందు రోజు మెకానిక్‌కు చూపించండి. బండిని టెస్టుకు తోలుకెళ్లే పని లైసెన్స్ ఉన్న స్నేహితుడికి అప్పగించండి, మీరు వెనక కూర్చోండి. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని ట్రాక్ మీదికి వెళ్లండి. అక్కడ మనిషిని పిలిచేది పేరుతో కాదు, నంబరుతో. మీ పరువు గురించి పట్టించుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

పాసయ్యాక మీ వయసువారికి లైసెన్స్ పదేళ్లు చెల్లుతుంది. 55 దాటాక రెన్యువల్ చేయించుకుంటే అయిదేళ్లకే ఇస్తారు. గడువు అయిపోయి ఏడాది దాటితే మళ్లీ టెస్టుకు నిలబడాలి, మీ బద్ధకం సంగతి మీరే రాశారు కాబట్టి ఫోన్లో గుర్తు పెట్టుకోండి. ఫోన్లో డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో ఉన్న లైసెన్స్ చూపించినా చెల్లుతుంది. కార్డు ఇంట్లో మరిచిపోయానన్న మాట ఇక చెప్పక్కర్లేదు.

ఇక అమ్మాయి. 18 నిండేదాకా ఆమె చేతికి తాళం ఇవ్వకండి, గ్రౌండులో కాదు కదా వీధి చివరి కొట్టుకు కూడా. 16 ఏళ్లకే ఇవ్వొచ్చట కదా అని ఎవరైనా అంటారు. అది 50 సీసీ లోపు బండ్లకు ఉన్న వెసులుబాటు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే స్కూటీలు చాలావరకు నూరు సీసీ పైమాటే, ఎక్స్‌ఎల్ కూడా నూరుకు దగ్గరగా ఉంటుంది. మైనర్ బండి నడుపుతూ నేరం చేసినట్టు తేలితే శిక్ష తండ్రికీ బండి యజమానికీ పడుతుంది. మీ ఇంట్లో ఆ రెండూ మీరే. 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. వీటన్నిటికంటే నాకు బాధనిపించేది ఇంకోటుంది: ఆ పిల్లకు 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. ముచ్చటపడి మూడు నెలలు ముందు తాళం ఇచ్చినందుకు ఏడేళ్లు. అదే 18 నిండాక సక్రమంగా తీసుకుంటే ఆమెకు వచ్చే లైసెన్స్ 40వ ఏడు దాకా చెల్లుతుంది.

తొందర ఎందుకన్నానో ఇప్పుడు చూడండి. మీ అమ్మాయికి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక ఆమె బండి వెనక కూర్చునే హక్కు ఒక్కరికే ఉంటుంది: లైసెన్స్ ఉండి, నేర్పే మనిషికి. ‘నాన్నా, నాకు బండి నేర్పు’ అంది కదా. ఈ రోజు ఉన్న పరిస్థితిలో చట్టప్రకారం మీరు నేర్పలేరు. ఈ వారం ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంటే, 30 రోజులు ఆగి, స్లాట్ దొరికి, ఒకసారి తప్పి ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లినా, ఆమె పుట్టినరోజుకు ముందే మీ పని అయిపోతుంది. వచ్చే నెలకు వాయిదా వేశారో, ఆ లెక్క తప్పే ప్రమాదం ఉంది.

కాబట్టి ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ అబద్ధం సంగతి చెప్పేయండి. కాసేపు నవ్వుతుంది, కాసేపు అలుగుతుంది. తర్వాత ఆ బొమ్మల ప్రశ్నలు ఆమె చేత అడిగించుకోండి, ఎలాగూ మూడు నెలల్లో ఆమెకూ అవే ప్రశ్నలు. ఆదివారం పొద్దున ముగ్గుపిండి పొట్లం ఆమె చేతికే ఇచ్చి ఎనిమిది గీయమనండి. ఇంటి ముందు గీసే చెయ్యి కదా, గీతలు మీకంటే చక్కగా వస్తాయి. కాలు కింద పెట్టిన ప్రతిసారీ లెక్క రాయమనండి.

హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు కూడా ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లకూ అదే నియమం. ఐఎస్ఐ గుర్తు చూసి ఇప్పుడే రెండు కొనండి. ఒకటి ఆమె తల కొలతకు.